ఇన్వర్నెస్‌లో ఎగరేసిన నాణెం

గ్వెండా టాప్లీ తలుపు సగం తోసి, గడప మీదే కొయ్యబారిపోయిన చోట పోయిన వారం ఆమెను వదిలి వచ్చాం. లోపల ఇద్దరు పరీక్షకులు ఉండాలి. ఆమెకు మూడు నల్లగౌన్లు కనిపించాయి.

మూడో మనిషి కిటికీ పక్కన గోడకు చేర్చిన కుర్చీలో, మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. అయినా మెడ మీద నరిసిన ఆ జుట్టు చూడగానే ఆమెకు తెలిసిపోయింది. పంతొమ్మిదేళ్ళు ఆ మెడ వెనక బల్ల దగ్గర కూర్చుని ఆయన రాతలు టైపు కొట్టిన మనిషికి పోల్చుకోవడానికి మొహం కావాలా? ప్రొఫెసర్ ఆలరిక్ థ్వెయిట్.

"రండి మిసెస్ టాప్లీ, కూర్చోండి" అన్నాడు డెస్మండ్ క్విల్. ఆక్స్‌ఫర్డ్ తరఫు పరీక్షకుడాయన. మెత్తని మనిషి, ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకుంటాడు. "ప్రొఫెసర్ గారు... అంటే... మీ వైవా చూస్తానని వచ్చారు. గౌను తొడుక్కుని వచ్చిన యూనివర్సిటీ మనిషి ఎవరినైనా కూర్చోనివ్వాలని నిబంధన. ఎవరూ రారనుకోండి. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి."

"కూర్చోవచ్చు. నోరు విప్పకూడదు. అదీ నిబంధనే" అంది ఆయన పక్కనున్న డాక్టర్ మోరాగ్ లెనాక్స్. ఈవిడ బయటి పరీక్షకురాలు. స్కాట్లండ్ నుంచి రాత్రి రైలెక్కి వచ్చింది. మాట సూదిలా ఉంటుంది. "విప్పారో, బయటికి పంపిస్తాను. ఏమంటారు ప్రొఫెసర్?"

థ్వెయిట్ ఏమీ అనలేదు. అనకూడదు కదా. తల మాత్రం వంచాడు.

గ్వెండా కూర్చుంది. తెల్ల జాకెట్టు, మెడకు నల్ల రిబ్బను, నల్ల లంగా, నల్ల మేజోళ్ళు, పైన గౌను. పరీక్ష దుస్తులన్నీ సరిగానే ఉన్నాయి, ఒక్క ఎడమ కాలి మేజోడు తప్ప. పొద్దున బస్సు దిగుతుంటే మెట్టు అంచుకు తగిలి మోకాలి కింద ఒక పోగు తెగింది. అక్కణ్ణుంచి నిచ్చెనలాగా జారుతూ వస్తోంది. మొగుడు క్లైవ్‌కు చూపించి ఏడుపు మొహం పెడితే అతను నవ్వాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే ఊళ్ళో బస్సు నడిపిన మనిషి, దేనికీ కంగారు పడడు.

"నీ కాళ్ళెవరు చూస్తారే పిల్లా? పోయినసారి నీ లెక్కలే చూడలేదు వాళ్ళు" అన్నాడు. ఇప్పుడు కింద రాతి బెంచీ మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటాడు.

పోయినసారి. ఆ మాట తలుచుకుంటే గ్వెండాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రెండేళ్ళ కిందట ఇలాంటి గదిలోనే, వేరే ఇద్దరి ముందు, ఒకే ఒక్క ప్రశ్న దగ్గర ఆమె నోరు పెగల్లేదు. థీసిస్ తిప్పి పంపారు. ఒకసారే తిప్పి పంపుతారు. ఈ రోజు కాదంటే ఇక ఎప్పటికీ కాదు. యాభై ఒకటో ఏట, ఎనిమిదేళ్ళ చదువు, ఈ ఒక్క పూట మీద ఆగి ఉంది.

ఆ ఎనిమిదేళ్ళకు బీజం వేసిందీ ఈ కిటికీ పక్క పెద్దమనిషే. లోకం ఒకటి కాదు, కణం స్థాయిలో రెండు దారులున్నప్పుడల్లా రెండూ జరుగుతాయి, లోకం కొమ్మలుగా చీలుతూ పోతుంది అని నమ్మేవాళ్ళకు ఈ ఊరు పుట్టిల్లు. ఆ పుట్టింటి పెద్ద థ్వెయిట్. "లోకాలను లెక్కపెట్టండి, అవకాశం ఎంతో అదే తేలుతుంది" అనేది ఆయన మంత్రం. ప్రయోగశాలలో వచ్చే అంకెలు ఆ లెక్కకు ఒదగనప్పుడల్లా ఆయన అడుగున ఒక చిన్న గమనిక రాసేవాడు. గ్వెండా టైపు కొట్టేది. పదకొండేళ్ళలో నూట నలభై గమనికలు. ఒకరోజు ఉండబట్టలేక, "ఇన్ని అతుకులు పడుతున్నాయంటే గుడ్డే చిన్నదేమో సార్" అంది. ఆయన తలెత్తకుండానే జవాబిచ్చాడు. "టైపు చెయ్యండి మిసెస్ టాప్లీ, ఆలోచించకండి."

మర్నాడే ఆమె సాయంకాలపు కళాశాలలో లెక్కల క్లాసుకు పేరు రాయించుకుంది.

క్విల్ గొంతు సవరించుకున్నాడు. "సులువైన దానితో మొదలుపెడదాం. ఇక్కడ ఈ బల్ల మీద ఒక కణాన్ని కొలిచాం. లోకం చీలింది. మరి ఎక్కడో స్కాట్లండ్ ఉత్తరాన ఇన్వర్నెస్‌లో మీ అక్కగారు... మీ థీసిస్ నిండా ఆవిడే ఉన్నారు..."

"డోరీన్ అండీ. నిజంగానే అక్కడే ఉంటుంది."

"ఆ, డోరీన్ గారు. ఆవిడా ఆ క్షణంలోనే రెండైపోతారా? మేమందరం క్లాసులో బోర్డు మీద గీసే బొమ్మ అలాగే ఉంటుంది. ఒక గీత, చివర రెండు కొమ్మలు. లోకం మొత్తం ఒక్క వేటున రెండు."

"బొమ్మ తప్పండీ. కణాల నడక చెప్పే సమీకరణం సరిగ్గానే ఉంది. మనమే సమీకరణం వదిలేసి బొమ్మను నమ్మాం."

"కొంచెం వివరంగా."

గ్వెండా ఒక క్షణం తటపటాయించింది. తరవాత కుర్చీ వెనక్కి జరిపి, ఎడమ కాలు ముందుకు చాపింది.

"పొద్దున తొమ్మిదిన్నరకు ఇక్కడ తెగింది, మోకాలి కింద. ఇప్పుడు పదకొండు. చూడండి, పిక్క సగం దాకా వచ్చింది. మడమ దగ్గర మేజోడు ఇంకా నిక్షేపంగా ఉంది. ఒక కుట్టు జారితే పక్క కుట్టు, దాన్ని పట్టుకుని ఇంకో కుట్టు. చీలడమూ అంతే. ఈ కణం తగిలిన యంత్రం చీలుతుంది, యంత్రం తగిలిన గాలి, గాలి తగిలిన నేను. అలా తాకుతూ తాకుతూ పోతుంది, వెలుతురు కంటే ఒక్క అడుగు కూడా ముందు పడదు. అది అందేదాకా మా అక్కకు ఏమీ కాదు. ఆవిడ పాటికి ఆవిడ టీ తాగుతూ ఉంటుంది."

పాలగిన్నెలో ఒక పక్క తోడు చుక్క వేస్తే, పెరుగు అక్కడ మొదలై మెల్లగా అంచుల దాకా పాకినట్టు. గిన్నెడు పాలూ ఒక్క గడియలో పెరుగయ్యే వంట ఏ ఇంట్లోనూ లేదు.

మోరాగ్ ముందుకు వంగి మేజోడును నిదానంగా పరిశీలించింది. "గోళ్ళరంగు ఉందా మీ దగ్గర? ఒక చుక్క వెయ్యండి, ఆగుతుంది" అంది. "జవాబు బాగుంది. ఇంకా జారక ముందే తరవాతి ప్రశ్న."

క్విల్ నవ్వాపుకుని కాగితం తిప్పాడు. "సరే. రెండు దారులూ జరుగుతాయి, అన్నీ జరుగుతాయి. అలాంటప్పుడు 'అవకాశం' అన్న మాటకు అర్థమేమిటి? వాన పడటమూ ఖాయం, పడకపోవడమూ ఖాయం అయితే, మూడింట రెండొంతులు వాన రావచ్చు అని ఎవరు ఎవరికి చెప్తున్నట్టు?"

"మా ఆయన బస్సులో నేను చాలాసార్లు నిద్రపోయానండీ" అంది గ్వెండా. "ఆ రూటు టైంటేబుల్ నాకు కంఠతా వచ్చు. ఏ స్టాపు తరవాత ఏ స్టాపో, ఎక్కడ ఎన్ని నిమిషాలో అన్నీ తెలుసు. మెలకువ వచ్చి ఇంకా కళ్ళు తెరవలేదనుకోండి. బస్సు గురించి నాకు తెలియంది ఏదీ లేదు. కానీ నేనెక్కడున్నానో తెలీదు. ఇదీ అంతే. లోకం సంగతి అంతా తెలుసు. అందులో నేను ఏ కొమ్మ మీదున్నానో, కళ్ళు తెరిచేదాకా తెలీదు. ఆ తెలియకపోవడానికి ఒక కొలత కావాలి. దాన్నే అవకాశం అంటున్నాను."

"మంచిది. ఆ కొలత ఎంత?" అంది మోరాగ్ వెంటనే. "నేను చిన్నప్పుడు చదివిన పుస్తకం ఒకటుంది, కొమ్మలు లెక్కపెట్టుకోమంది. రెండు కొమ్మలైతే సగం సగం. అది రాసినాయన ఈ గదిలోనే ఉన్నారు. ఆయన ముఖం చూసి మొహమాటపడతారా, చెప్తారా?"

గ్వెండా మొదటిసారి నేరుగా కిటికీ వైపు చూసింది. థ్వెయిట్ కూడా ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో పోల్చుకోలేకపోయింది. తప్పు అక్షరం పడినప్పుడు కళ్ళద్దాల పైనుంచి చూసే చూపు కాదు.

"చెప్తానండీ. కానీ ఒక మనిషి సాయం కావాలి. చూడటానికి వచ్చినాయన మాట్లాడకూడదని నిబంధన. చేతులు కదపకూడదని ఉందా?"

క్విల్ ఉలిక్కిపడి పక్కనున్న నిబంధనల పుస్తకం అందుకున్నాడు. రెండు పేజీలు తిప్పాడు. "చేతుల గురించి... ఏమీ రాయలేదు."

"అయితే ప్రొఫెసర్ గారూ, కాసేపు మా అక్క అవుతారా?"

థ్వెయిట్ కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. తరవాత, చాలా గౌరవంగా, తల ఊపాడు.

"డోరీన్ కంటే మీసాలు కాస్త ఎక్కువ" అని గొణిగింది మోరాగ్.

బల్ల మీద టీ సరంజామా ఉంది. గ్వెండా పళ్ళెంలోంచి రెండు చాక్లెట్ బోర్బన్ బిస్కెట్లు, రెండు కస్టర్డ్ క్రీమ్ బిస్కెట్లు తీసి మోరాగ్ చేతికిచ్చింది. ఖాళీ కప్పు ఒకటి బోర్లించి తన ముందు పెట్టుకుంది. ఇంకొకటి తీసుకెళ్ళి థ్వెయిట్ పక్కనున్న కిటికీ గూట్లో బోర్లించి, దాని పక్కనే రెండు రకాలూ ఇంకొక్కొక్కటి ఉంచింది.

"ఇది ఆక్స్‌ఫర్డ్, అది ఇన్వర్నెస్. మేం కళ్ళు మూసుకుంటాం. డాక్టర్ లెనాక్స్ మీరు రెండు కప్పుల కిందా ఒకే రకం బిస్కెట్టు పెట్టండి. ఏ రకమో పెట్టేది మీరు కాదనుకోండి, ఒక కణం. ఒక లోకంలో ఇద్దరికీ బోర్బన్, ఇంకో లోకంలో ఇద్దరికీ కస్టర్డ్ క్రీమ్. బోర్బన్ లోకం బరువు రెండు పాళ్ళు, కస్టర్డ్ లోకం బరువు ఒక పాలు. ఆ బరువులు సమీకరణమే ఇస్తుంది, నేను పెట్టినవి కాదు."

బిస్కెట్లు కప్పుల కిందికి చేరాయి. గ్వెండా కళ్ళు తెరిచి తన కప్పు మీద అరచెయ్యి ఉంచింది, ఎత్తలేదు.

"లోకాలు రెండు. లెక్కపెట్టే పద్ధతిలో నాకు బోర్బన్ వచ్చే అవకాశం సగం. ప్రొఫెసర్ గారూ, మీ కప్పు ఎత్తి మీరొక్కరే చూడండి. బోర్బన్ కనిపిస్తే ఒక నాణెం ఎగరెయ్యండి. మామూలు నాణెం కాదు, అదీ లోకాన్ని చీల్చే రకం. కస్టర్డ్ కనిపిస్తే ఊరుకోండి. అంత దూరంలో మీరు చేసేది నాకు కనబడదనుకుందాం."

థ్వెయిట్ కప్పు ఒక పక్కకు ఎత్తి చూశాడు. జేబులోంచి నాణెం తీసి ఎగరేశాడు, మణికట్టు మీద మూశాడు.

"బోర్బన్ లోకం రెండైంది, బొమ్మ ఒకటి, బొరుసు ఒకటి. కస్టర్డ్ లోకం ఒకటే. మొత్తం మూడు. ఇప్పుడు లెక్కపెడితే నా అవకాశం మూడింట రెండు! ఇంకోసారి ఎగరెయ్యండి."

నాణెం మళ్ళీ లేచింది.

"బోర్బన్ లోకాలు నాలుగు. అయిదింట నాలుగు! పదిసార్లు ఎగరేస్తే వెయ్యిన్ని ఇరవై నాలుగు. మా అక్క ఇన్వర్నెస్‌లో సోఫాలో కూర్చుని నాణేలు ఎగరేస్తుంటే, ఇక్కడ నా అరచేతి కింద ఉన్న కస్టర్డ్ క్రీమ్ కరిగిపోతూ ఉంటుందన్నమాట. అయిదు వందల మైళ్ళ నుంచి. క్షణంలో. తాకకుండా." గ్వెండా థ్వెయిట్ వైపు తిరిగింది. "సార్, మీరక్కడ ఎగరేసిన నాణెం వల్ల నా కప్పు కింద ఉన్నది ఏమైనా మారిందా?"

క్విల్ గొంతు సవరించుకోవడం మరిచిపోయాడు. మోరాగ్ పెన్ను ఆగింది.

ముప్పై ఒక్క సంవత్సరాలు లోకాలను లెక్కపెట్టిన మనిషి నాణేన్ని జేబులో వేసుకున్నాడు. తన కప్పు వైపు చూశాడు, ఆమె కప్పు వైపు చూశాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"రాసుకోండి డెస్మండ్" అంది మోరాగ్ మెల్లగా. "లేదన్నారు."

గ్వెండా అక్కడితో ఆపలేదు. "మొదటి నాణెం దగ్గరికి వెనక్కి వెళ్దాం. బోర్బన్ బరువు రెండు పాళ్ళు కదా, అది సమంగా చీలి ఒకటీ ఒకటీ అయింది. కస్టర్డ్ బరువు ఎలాగూ ఒకటి. ఇప్పుడు మూడు లోకాలూ సమానం. ముక్కలు సమానంగా ఉన్నప్పుడే లెక్కపెట్టాలండీ, కేకైనా లోకమైనా. మూడింటిలో రెండు బోర్బన్. మూడింట రెండొంతులు. నాణెం వల్ల ఇక్కడ ఏమీ మారలేదని ప్రొఫెసర్ గారే చెప్పారు. అంటే ఎగరేయక ముందూ అది మూడింట రెండే. ప్రయోగశాలలో వచ్చేదీ అదే. గమనికలు అక్కర్లేదు."

మోరాగ్ వెనక్కి వాలింది. చేతులు కట్టుకుంది. గ్వెండాకు తెలుసు, ఆ ప్రశ్న ఇప్పుడొస్తుంది.

"సమానమైన ముక్కలు లెక్కపెట్టాలన్నారు. బరువు సమానమైతే అవకాశం సమానమని ఎవరు చెప్పారు మీకు?"

అదే. అక్షరం పొల్లుపోకుండా అదే ప్రశ్న. రెండేళ్ళ కిందట "అది సహజం కదండీ" అని, ఆ తరవాత ఎదురుగా ఉన్న గోడ గడియారం చూస్తూ కూర్చుండిపోయింది. ఇంటికెళ్ళి మూడు వారాలు వంటింట్లోకే అడుగుపెట్టలేదు. క్లైవ్ రోజూ గుడ్లు వేయించి పెట్టాడు.

"డోరీన్ ఇంకా ఉండాలి" అంది గ్వెండా. "సార్, ఇంకొక్క పని."

థ్వెయిట్ అప్పటికే కప్పు మీద చెయ్యి వేసి సిద్ధంగా ఉన్నాడు.

"ఇప్పుడు బరువులు చెరి ఒక పాలు. పందెం కాస్తున్నామనుకోండి, నాకు బోర్బన్ వైపే కాస్త మొగ్గుందని వాదిద్దాం. అవకాశం సగం కంటే ఎక్కువ, ఎంతో ఒకంత. ఇప్పుడు నేను నా బిస్కెట్టు మార్చాననుకోండి. బోర్బన్ ఉన్న లోకంలో దాన్ని తీసి కస్టర్డ్ పెడతాను, కస్టర్డ్ ఉన్న లోకంలో బోర్బన్ పెడతాను. చూడకుండానే. ఇప్పుడా మొగ్గు ఎటుంది?"

"కస్టర్డ్ వైపు. మీరే మార్చారు కదా" అన్నాడు క్విల్.

"అవును. సార్, ఇప్పుడు మీరూ మీది మార్చండి."

థ్వెయిట్ ఇటు ఎవరికీ కనిపించకుండా వీపు అడ్డం పెట్టి, కప్పు కింద ఉన్నది తీసి రెండో రకం పెట్టాడు. చిన్నపిల్లాడు దాగుడుమూతలాడినంత శ్రద్ధగా.

"ఆయన చేసింది ఇన్వర్నెస్‌లో. కాబట్టి నా మొగ్గు మారదు. ఇప్పుడే ఒప్పుకున్నారు. ఇంకా కస్టర్డ్ వైపే ఉంది. కానీ లోకాన్ని ఒకసారి చూడండి! ఒక లోకంలో ఇద్దరికీ కస్టర్డ్, ఇంకో లోకంలో ఇద్దరికీ బోర్బన్, చెరి ఒక పాలు. మొదలుపెట్టినప్పుడు ఎలా ఉందో సరిగ్గా అలాగే. వెంట్రుకవాసి తేడా లేదు. అదే లోకంలో ఇందాక మొగ్గు బోర్బన్ వైపని వాదించాం, ఇప్పుడు కస్టర్డ్ వైపంటున్నాం. రెండూ నిజం కావాలంటే..."

"మొగ్గే ఉండకూడదు" అంది మోరాగ్.

"ఉండకూడదు. సగం సగం. నేను ఊహించుకున్నది కాదండీ. అక్కడి చెయ్యి ఇక్కడిదాన్ని తాకదు, అంతే. అదొక్కటి ఒప్పుకుంటే మిగతా అంతా దాని వెనకే వస్తుంది. నూట పన్నెండో పేజీ."

మోరాగ్ నూట పన్నెండో పేజీ తీసి, వేలితో ఒక్కొక్క గీతా కిందికి దిగుతూ చివరిదాకా చదివింది. పుస్తకం మూసింది. పళ్ళెంలోంచి ఒక బోర్బన్ తీసుకుని కొరికింది.

"బయట కూర్చోండి. పిలుస్తాం" అంది. తరవాత కిటికీ వైపు చూసి, "మీరు కూడా ప్రొఫెసర్. తీర్పు చర్చించేటప్పుడు పరీక్షకులు తప్ప ఎవరూ ఉండకూడదు. మీ నిబంధనలే ఇవి, నావి కావు" అని కలిపింది.

నడవలో ఒకటే బెంచీ ఉంది. ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఇంకో ముగ్గురు పట్టేంత చోటు. తలుపు మూసుకుంది. థ్వెయిట్‌కు నోరు తిరిగి వచ్చింది.

"ఎందుకొచ్చారు?" అని గ్వెండాయే అడిగింది.

"మర్యాదకని నా ఉత్తరాల అరలో ఒక ప్రతి పెట్టారు మీరు. చదివాను. నాలుగుసార్లు. తప్పు దొరకలేదు." ఆయన గౌను అంచు సర్దుకున్నాడు. "వీళ్ళకు దొరుకుతుందేమో చూద్దామని వచ్చాను."

"దొరకాలని కోరుకున్నారా?"

"మొదట్లో, అవును." కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మీరు కాలు చాపేదాకా" అన్నాడు.

గ్వెండాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆయన కూడా, ముక్కుతో, కొంచెం నవ్వాడు. పంతొమ్మిదేళ్ళలో ఇద్దరూ కలిసి నవ్విన జ్ఞాపకం ఆమెకు లేదు.

"శుక్రవారం నా వీడ్కోలు ఉపన్యాసం" అన్నాడు థ్వెయిట్. "కార్డులు పంచేశారు. నాలుగు వందల మంది వస్తారు, సగం మంది నా శిష్యులు. లెక్కపెట్టడమే వాళ్ళ జీవనం. ఉపన్యాసం పేరు 'లోకాలను లెక్కపెట్టడం'."

"పేరు మార్చండి."

"మార్చొచ్చు. నేను తప్పు చేశానని నా నోటితో నేను చెప్పగలను, అందుకు సిగ్గుపడను. కానీ ఒప్పు ఏమిటో కూడా నేనే చెప్తే, అది నాదైపోతుంది. ఈ ఊళ్ళో అలాగే జరుగుతుంది. మీరు టైపు కొట్టిన పేజీల్లో మీరు సరిదిద్దినవి ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలీదు." ఆయన మొదటిసారి ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "మీరు చెప్పాలి. ఆ వేదిక మీద నుంచి. చివరి అరగంట మీది. అయితే ముందే చెప్తున్నాను, మా వాళ్ళు ఊరుకోరు. కప్పులూ బిస్కెట్లూ చూసి నవ్వుతారు. టైపిస్టు అంటారు. నేను ముందు వరసలో కూర్చుంటాను, కానీ అక్కడ నేను మిమ్మల్ని కాపాడలేను."

గ్వెండా కిటికీలోంచి కిందికి చూసింది. రాతి బెంచీ మీద క్లైవ్ టోపీ మొహం మీదికి లాక్కుని కునుకు తీస్తున్నాడు. ఫ్లాస్కు ఒళ్ళో ఉంది.

తలుపు తెరుచుకుంది. మోరాగ్ లెనాక్స్ గడపలో నిలబడింది. పొద్దున్నుంచీ బిగిసి ఉన్న మొహంలో ఇప్పుడు ఎక్కడా బిగువు లేదు.

"డాక్టర్ టాప్లీ" అంది. "లోపలికి రండి."

గ్వెండా ఒక్క క్షణం వెనక్కి చూసింది, ఇంకెవరినో పిలిచారేమోనని. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆ మాట కడుపులోకి దిగింది, చలిరోజు వేడి టీ దిగినట్టు. లేచి నిలబడింది. గౌను సర్దుకుంది. పోగు జారిన మేజోడును దాచుకోవాలనిపించలేదు.

రెండడుగులు వేసి ఆగింది.

"అరగంట చాలదు ప్రొఫెసర్" అంది. "గంట కావాలి."

థ్వెయిట్ తెల్లబోయాడు. "మొత్తం ఉపన్యాసమే గంట కదా!"

"తెలుసు" అని ఆమె లోపలికి వెళ్ళింది.